అభ్యాసకుడా, బోధకుడా? యువ మిషనరీల దైనందిన జీవిత రచనలు – ఉత్తర తెలంగాణ నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

మతసేవ కోసం స్వదేశాన్ని విడిచి వచ్చిన యువతీయువకుల ఉత్తరాలను, దినచర్యలను, జ్ఞాపకాలను సాధారణంగా రెండు విధాలుగా చదువుతారు. ఒకటి ఉపకారస్తుతి. రెండోది వలసవాద అభియోగం. ఈ రెండు పద్ధతుల్లోనూ ఆ రచనల నడుమ నిలిచి ఉన్న తెలుగు మనిషి మరుగున పడిపోతున్నాడని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మిషనరీ భాష నేర్చుకుంటున్న అభ్యాసకుడిగా రాసిన వాక్యాలకూ, బోధకుడిగా రాసిన వాక్యాలకూ ఉన్న భేదమే ఆ రచనల విలువను నిర్ణయించే గీటురాయి అని నిరూపించడం దీని లక్ష్యం. మోర్మన్ యువసేవకుల దినచర్యతో ఆరంభించి, తీరాంధ్రలోని పూర్వ రచనలను పరిశీలించి, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల భాషా సామాజిక పరిస్థితికి ఈ గీటురాయిని అన్వయించడం జరిగింది.

కీలకపదాలు: మిషనరీ రచనలు, దైనందిన జీవితం, మోర్మన్ సేవ, కరీంనగర్, ఆదిలాబాద్, తెలంగాణ భాష, సంబోధనలు, అంటరాని వసంతం.

1. ఉపోద్ఘాతం

పందొమ్మిదేళ్ల యువకుడు ఇల్లు విడిచి, తాను ఎంచుకోని ఊరికి, తనకు రాని భాషలోకి, రెండేళ్ల గడువు పెట్టుకొని వెళ్లడం లోకంలో అరుదైన విషయం. 'మోర్మన్లు' అని లోకం పిలిచే యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘములో మాత్రం అది తరతరాల ఆచారం. 2012 అక్టోబరులో ఈ సేవకు పురుషుల కనీస వయస్సు 19 నుంచి 18కి, స్త్రీలది 21 నుంచి 19కి తగ్గింది. పురుషుల సేవాకాలం 24 నెలలు. స్త్రీలది 18 నెలలు. ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించేది సంఘం. ఖర్చు భరించేది సేవకులు, వారి కుటుంబాలు.

ఈ జీవితం గురించి లెక్కలేనన్ని ఉత్తరాలు, దినచర్యలు, జ్ఞాపకాలు పుట్టాయి. ఇవన్నీ మతసాహిత్యమే అయినా, వాటిలో మతం కంటే ఎక్కువగా కనిపించేది మార్కెట్టు, వంట, జ్వరం, వాన, పొరపాటుగా పలికిన మాట, మూసిన తలుపు. ఈ దైనందిన జీవితాన్ని విమర్శ ఎలా చదవాలి? తెలుగు నేలపై, ప్రత్యేకించి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో, ఈ ప్రశ్న వట్టి సాహిత్యరూప చర్చ కాదు. ఇక్కడి మాల, మాదిగ కుటుంబాల్లో చాలామందికి తమ పూర్వీకుల ప్రస్తావన కాగితం మీద దొరికే అరుదైన చోట్లలో మిషన్ పత్రాలు ఒకటి. ఆ కాగితాన్ని తప్పుగా చదివితే నష్టపోయేది మిషనరీ చరిత్ర కాదు, ఆ కుటుంబాల చరిత్ర.

2. ఒక వారం – రెండు పాఠాలు

మోర్మన్ యువసేవకుల దినచర్యలో నియమం ప్రధానం. చాలాకాలం అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం ఉదయం ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి. ఎప్పుడూ ఒక సహచరుడితో కలిసే ఉండాలి. సహచరుడిని కూడా తాను ఎంచుకోడు. ఉదయం గ్రంథపఠనం, భాషాధ్యయనం, ఆ తర్వాత ఇళ్లకు వెళ్లడం, బోధించడం. వారంలో ఒక పూట బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు కొనుక్కోవడానికి, ఇంటికి ఉత్తరం రాయడానికి. 2019 ఫిబ్రవరి వరకూ ఇంటివారితో ఫోనులో మాట్లాడే అవకాశం ఏడాదికి రెండుసార్లే. అందువల్ల వారపు ఉత్తరమే ఇంటికీ అతనికీ మధ్య ఏకైక వంతెనగా ఉండేది.

ఇక్కడ విమర్శకు పనికివచ్చే అంశం ఒకటుంది. అదే వారం గురించి సేవకుడు రెండు పాఠాలు రాస్తాడు. ఒకటి పైఅధికారికి పంపే నివేదిక. అందులో కలిసినవారి సంఖ్య, చెప్పిన పాఠాల సంఖ్య ఉంటాయి. రెండోది తల్లికి రాసే ఉత్తరం. నివేదికలో తెలుగు మనిషైనా, తాహితీ మనిషైనా అంకె. ఉత్తరంలో అదే మనిషికి ముఖం ఉంటుంది, గొంతు ఉంటుంది, వడ్డించిన అన్నం ఉంటుంది. అయితే ఉత్తరం కూడా పూర్తి సత్యం చెప్పదు. చదివేది తల్లి కాబట్టి జ్వరం 'కొంచెం నలత' అవుతుంది, ఒంటరితనం 'అప్పుడప్పుడు ఇల్లు గుర్తొస్తుంది' అవుతుంది. పాఠకుడిని బట్టి సత్యం రూపం మారుతుంది. కనుక ఏ మిషనరీ రచనకైనా మొదట అడగవలసిన ప్రశ్న 'ఇది నిజమా?' అన్నది కాదు, 'ఇది ఎవరికి రాసింది?' అన్నది.

తెలుగువారి విషయంలో ఈ సంఘ చరిత్ర ఒక విశేషాన్ని చూపుతుంది. 1850లలో మోర్మన్ మిషనరీలు కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు వచ్చారు. వారి పని ఎక్కువగా ఇంగ్లీషు తెలిసిన ఐరోపావారి మధ్యనే సాగి, నిలవకుండా పోయింది. తెలుగు నేలకు ఆ మతం చేరిన దారి వేరు. ఉద్యోగరీత్యా పశ్చిమ సమోవాలో ఉన్న ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1970లలో అక్కడే ఆ సంఘంలో చేరి, 1978 డిసెంబరులో సేవకులుగా హైదరాబాదుకు వచ్చి తమ బంధువులకు బోధించారు. బాప్టిస్టు బోధకుడైన ఎల్సీ తండ్రికి మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని అప్పగించారు. ఎంపిక చేసిన భాగాల తెలుగు 1982లో వెలువడింది. 1993లో బెంగళూరు కేంద్రంగా మిషన్, 2012 మే నెలలో హైదరాబాదులో దేశంలోనే ఆ సంఘపు తొలి 'స్టేక్' ఏర్పడ్డాయి.

ఈ ఉదంతంలో పరదేశం నుంచి వచ్చినది తెలుగువారే. వారికి భాష నేర్చుకునే అవసరం లేదు. నేర్చుకోవలసింది బంధుత్వాన్ని కొత్తగా నడపడం. అమెరికా యువకుడు అపరిచితుడి తలుపు తడతాడు. వీరు తమ రక్తసంబంధీకుల తలుపు తట్టారు. అంతకంటే ముఖ్యమైనది అనువాదం. కొత్త గ్రంథం తెలుగులోకి వచ్చేసరికి దాని నుడికారం అప్పటికే సిద్ధంగా ఉంది. 'కడవరి', 'పరిశుద్ధులు', 'సంఘము', 'బాప్తిస్మము' వంటి మాటలన్నీ తెలుగు బైబిలు సంప్రదాయం నుంచి వచ్చినవే. మతం కొత్తది, మాట పాతది. ఆ పాత మాట ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే అంతకు ముందరి యువ మిషనరీల వద్దకు వెళ్లాలి.

3. తీరాంధ్రలో తొలి అభ్యాసకులు

లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో మరణించారు. ఐదేళ్లలో ఇద్దరూ లేరు. కానీ 1812లో మూడు సువార్తల తెలుగు అనువాదం అచ్చయింది. అది సాధ్యపడటానికి కారణం ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణ క్రైస్తవుడి సహకారం. మిషన్ చరిత్రలలో అనువాదకుడిగా ముందు వినిపించే పేరు డెస్‌గ్రాంజెస్‌ది. భాష వచ్చినవాడు సహాయకుడు, భాష నేర్చుకుంటున్నవాడు కర్త. కర్తృత్వానికి సంబంధించిన ఈ తలకిందుల లెక్కను మిషనరీ రచనల్లో పదేపదే చూడవచ్చు.

1841లో మచిలీపట్నం వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ (1817–1848) మరో ఉదాహరణ. రాబర్ట్ నోబుల్ పాఠశాల పనిలో ఉండగా, ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించే పని చేపట్టాడు. 1845లో భార్యను పోగొట్టుకున్నాడు. ఆరోగ్యం చెడి స్వదేశానికి తిరిగివెళ్లి 1848లో మరణించాడు. 1850లో కుటుంబసభ్యుడు అతని ఉత్తరాలను, దినచర్యను స్మృతిగ్రంథంగా కూర్చాడు. అటువంటి గ్రంథాన్ని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అది చనిపోయినవాడి జీవితాన్ని అమరత్వం వైపు నడిపించే కూర్పు. దినచర్యలోని రోజు తనకు తానుగా నిలవదు, మరణం అనే ముగింపుకు మెట్టుగా మారుతుంది. ఇవాళ ఏమి జరిగిందో రాసుకున్న యువకుడికి ఆ ముగింపు తెలియదు. కూర్పరికి తెలుసు. దైనందిన జీవితాన్ని వెదికే పరిశోధకుడు కూర్పరి చేతిని తప్పించుకొని, ముగింపు తెలియని ఆ యువకుడి వాక్యాన్ని పట్టుకోవాలి.

4. ఒకే ఇంటి నుంచి రెండు గ్రంథాలు

అభ్యాసక దృష్టికీ బోధక దృష్టికీ గల భేదం స్పష్టంగా తెలిసేది ఒంగోలు మిషన్ రచనల్లో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ 1860లలో ముప్పయ్యేళ్ల లోపు వయస్సులో వచ్చాడు. 1876–78 కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కరువు కూలీలకు పని కల్పించాడు. 1878 జులై 3న ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె ప్రపంచమంతటా మిషన్ సాహిత్యంలో ప్రసిద్ధికెక్కింది. క్లౌ స్వీయకథగా చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అక్షరబద్ధం చేసిన గ్రంథం 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' 1914లో వచ్చింది. అంతకు 15 ఏళ్ల ముందే, 1899లో, ఎమ్మా 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం వెలువరించింది. మాదిగల కథలు, వారి గురుపరంపరలు, మాతమ్మ ఆరాధన, ఎర్రగుంట్ల పేరయ్య వంటి తొలి తరం విశ్వాసుల జీవితాలు ఇందులోని వస్తువు.

రెండు పుస్తకాలూ ఒకే ఇంటివి, ఒకే మిషన్‌వి. కానీ 1914 గ్రంథానికి ఇరుసు మిషనరీ జీవితం, 1899 పుస్తకానికి ఇరుసు చెప్పులు కుడుతూ కథ చెప్పే మనిషి. మొదటిదానిలో తెలుగువారు ఒక ఉద్యమంగా కదులుతారు. రెండోదానిలో ఒక్కొక్కరుగా నిలబడతారు. క్రైస్తవానికి ముందే మాదిగలకు తమదైన ఆధ్యాత్మిక అన్వేషణ ఉన్నదని, క్రీస్తు బోధ ఖాళీ నేల మీద పడలేదని రెండో పుస్తకం ఒప్పుకుంటుంది. ఒక మిషనరీ కలం నుంచి వచ్చిన ఈ ఒప్పుకోలు చిన్నది కాదు. అది సాధ్యపడినది ఎందువల్ల? ఎమ్మా అక్కడ చెప్పడానికి కూర్చోలేదు, వినడానికి కూర్చున్నది. ఆమె పుస్తకంలోనూ క్రైస్తవమే చివరి గమ్యమన్న నిశ్చయం ఉంది. దానిని దాచవలసిన అవసరం లేదు. అయినా వినికిడి ఉన్నంత మేర ఆ పుస్తకం మాదిగల చరిత్రకు ఆధారం, నిశ్చయం ఉన్నంత మేర మిషన్ చరిత్రకు ఆధారం. ఈ రెంటినీ విడదీయగలగడమే విమర్శ చేయవలసిన పని.

5. కరీంనగర్: ఏ తెలుగు నేర్చుకోవాలి?

తీరాంధ్రలో తయారైన ఈ భాషా సామగ్రి నిజాం రాజ్యంలోకి వచ్చినప్పుడు సమస్య మరింత జటిలమైంది. వెస్లియన్ మెథడిస్టు మిషన్ 1879 ప్రాంతంలో సికింద్రాబాదు కేంద్రంగా పని మొదలుపెట్టి, 1880లలో కరీంనగర్‌కు విస్తరించింది. అక్కడికి చేరిన యువ మిషనరీ ముందు ఒకటి కాదు, మూడు భాషలు నిలిచాయి. కచేరీలో ఉర్దూ. పుస్తకంలో గ్రాంథిక తెలుగు. వాడలో కరీంనగర్ తెలుగు. మచిలీపట్నంలో పనిచేసిన ఎ. హెచ్. ఆర్డెన్ 1873లో ప్రచురించిన తెలుగు వ్యాకరణం వ్యావహారిక రూపాలకూ చోటిచ్చింది. అయితే ఆ వ్యవహారం కోస్తా శిష్టులది. పుస్తకంలో 'వెళ్లినాడు' అని నేర్చుకున్నవాడికి వాడలో 'పోయిండు' అని వినిపిస్తుంది. 'ఉదయము' నేర్చుకున్నవాడికి 'పొద్దుగాల' ఎదురవుతుంది.

పుస్తకపు తెలుగుకూ నోటి తెలుగుకూ గల దూరం పరభాషీయులకు ముందుగా తగలడంలో ఆశ్చర్యం లేదు. 20వ శతాబ్ది తొలి దశకంలో పాఠశాలల పర్యవేక్షకుడు జె. ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ వేసిన ప్రశ్నలు గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమానికి ప్రేరణ అయిన సంగతి ప్రసిద్ధం. యేట్స్ మిషనరీ కాడు. కానీ అతని స్థితి మిషనరీ స్థితే. భాష పుట్టుకతో వచ్చినవారికి అలవాటుగా ఉన్న వైరుధ్యం నేర్చుకునేవాడికి అడ్డంకిగా కనిపిస్తుంది. అభ్యాసకుడి అజ్ఞానం భాషాశాస్త్రానికి ఉపకరణం అవుతుంది.

కరీంనగర్ విషయంలో ఈ ఉపకరణం పూర్తిగా వినియోగం కాలేదన్నది ఇక్కడ చేయదగిన విమర్శ. ఈ ప్రాంతపు ఇళ్లలో పిల్లలు తండ్రిని 'బాపు' అంటారు, తల్లిని 'అవ్వ' అంటారు. ప్రార్థనలో మాత్రం దేవుడు 'తండ్రి'. అంటే ఇంట్లో ఒక తెలుగు, గుడిలో మరొక తెలుగు. దీనివల్ల రెండు ఫలితాలు కలిగాయి. చదువుకు దూరంగా ఉంచబడిన మాల, మాదిగలకు బైబిలు ద్వారా ప్రామాణిక లిఖిత భాష అందుబాటులోకి వచ్చింది. ఇది విముక్తి. అదే సమయంలో వారి స్వంత నుడికారం దేవుడి ముందు పలకడానికి యోగ్యం కానిదైంది. ఇది మరో విధమైన వెలి. పల్లెలో రాత్రివేళ ఉపదేశి చేసిన బోధ ఈ రెంటి మధ్య వంతెన. అతడు పుస్తకపు వాక్యాన్ని చదివి, వాడ భాషలో విప్పి చెప్పేవాడు. ఆ విప్పిచెప్పిన మాట ఎక్కడా అచ్చు కాలేదు. నివేదికలో అచ్చయినది మిషనరీ పర్యటన. పర్యటనకు ముందూ తర్వాతా సంవత్సరం పొడుగునా ఆ ఊళ్లో ఉన్నది ఉపదేశి.

మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకున్న మహాదేవాలయం ఈ మిషన్‌కు కనిపించే చిహ్నం. దానిని చూడడానికి వచ్చేవారికి కొదవ లేదు. కనిపించని చిహ్నం ఉపదేశి గొంతు. పి. వై. లూక్, జాన్ బి. కార్మన్ 1968లో ప్రచురించిన 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్' మెదక్ దగ్గరి జంగరాయి ప్రాంతపు పల్లె సంఘాలను పరిశీలించింది. గ్రామీణ విశ్వాసుల ఆచారాలను, పండుగలను, భయాలను వారి ఊళ్లలోనే చూసిన ఆ పద్ధతి, మిషన్ చరిత్రను దేవాలయం నుంచి వాడకు మళ్లించిన పద్ధతి. కరీంనగర్ పల్లెలకు కూడా అటువంటి చూపు అవసరం.

6. సంబోధన చెప్పే చరిత్ర: దొర, అయ్యగారు, ఎల్డర్

దైనందిన జీవితంలో ప్రతిరోజూ జరిగేది పిలుపు. ఒక యువ మిషనరీని ఊరు ఏమని పిలిచింది అన్నది అతని నివేదికల కంటే ఎక్కువ చెబుతుంది. తెల్ల మిషనరీని తెలుగు ఊళ్లు 'దొర' అన్నాయి, అతని భార్యను 'దొరసాని' అన్నాయి. కోస్తాలో ఈ మాట ప్రధానంగా తెల్లవాడిని సూచిస్తుంది. కరీంనగర్‌లో మాత్రం 'దొర' అంటే మొదట గుర్తుకు వచ్చేది గడీ. వెట్టి చేయించుకునే భూస్వామికీ, వాక్యం చెప్పడానికి వచ్చిన పాతికేళ్ల యువకుడికీ ఒకే పిలుపు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర నాటికి కూడా ఈ జిల్లాలో దొర అన్న మాటకు ఉన్న బరువు తెలిసిందే. గడీ దొర ముందు చెప్పులు విడిచి నిలబడవలసిన మనిషి, మిషన్ దొర పక్కన కూర్చున్నప్పుడు ఆ మాట అర్థం ఎంతో కొంత పగిలి ఉండాలి. కానీ పిలుపు మారలేదు. కూర్చునే చోటు మారి, పిలుపు మారకపోవడంలోనే ఆ సంబంధం యొక్క మేలూ పరిమితీ రెండూ ఉన్నాయి.

ఈ పరిమితిని బహిరంగంగా ప్రశ్నించినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1903లో ఏర్పడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకడైన ఈ తమిళుడు, 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు స్వయంగా మిషనరీగా వచ్చాడు. తెలుగు అతనికీ నేర్చుకోవలసిన భాషే. 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలకూ భారతీయ సహచరులకూ మధ్య సేవ ఉన్నా స్నేహం లేదన్న లోపాన్ని అతడు ఎత్తిచూపాడు. 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యాడు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1978లో దోర్నకల్ నుంచి విడివడి కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడింది. అంటే కరీంనగర్ సంఘచరిత్రలో వెస్లియన్ దొర వారసత్వంతో పాటు, స్నేహం అడిగిన తమిళ అభ్యాసకుడి వారసత్వం కూడా కలిసి ఉంది. సంఘ కాపరిని 'అయ్యగారు' అనే పిలుపు ఆ తర్వాతి దశ. అధికారం స్థానికమైంది, కానీ అధికారంగానే మిగిలింది.

మోర్మన్ సంప్రదాయంలో పిలుపు సమస్య మరో విధంగా ఉంది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల యువకుడిని 'ఎల్డర్' అని పిలుస్తారు. ఆ మాటకు తెలుగు బైబిలులో సమానార్థకం 'పెద్ద'. వయస్సును బట్టి అన్న, చిన్నాన్న, పెద్దయ్య అని వరుస కలిపే తెలుగు వాడలో మీసం సరిగా రాని పిల్లవాడిని 'పెద్ద' అనడం కుదరదు. అందుకే ఆ మాట ఇంగ్లీషు రూపంలోనే సౌకర్యంగా ఉంటుంది. అనువాదం కాకుండా మిగిలిపోయిన పదం ఒక సామాజిక సత్యాన్ని చెబుతుంది. ఏ పదవికి తెలుగులో వరుస కుదరదో, ఆ పదవి తెలుగు ఇంటి గడప బయటే నిలిచి ఉంటుంది. వరుస కుదిరిననాడే పరాయివాడు లోపలికి వస్తాడు.

7. ఆదిలాబాద్: పొరుగు భాష నుంచి వచ్చినవారు

విదేశం అంటే సముద్రం దాటడమే కానవసరం లేదని ఆదిలాబాద్ అనుభవం చెబుతుంది. 1962లో కేరళకు చెందిన సీరో-మలబారు సంఘపు సి.ఎం.ఐ. సభకు చాందా ప్రాంతంలో మిషన్ బాధ్యత అప్పగించారు. 1999లో చాందా నుంచి ఆదిలాబాద్ ప్రత్యేక మేత్రాసనంగా ఏర్పడి, మంచిర్యాల కేంద్రమైంది. ఈ సేవ కోసం కేరళ నుంచి వచ్చిన యువ గురువులు, కన్యాస్త్రీలు ఒకే దేశపు పౌరులు. అయినా భాష వేరు, తిండి వేరు, ఎండ వేరు.

మలయాళీ అభ్యాసకుడికి తెలుగు దగ్గరగా కనిపించడమే కష్టం. రెండు భాషల్లోనూ సంస్కృత పదాలు విస్తారం. కానీ అర్థాలు కలవవు. మలయాళంలో 'సంసారం' అంటే మాటలాడటం, తెలుగులో కాపురం. మలయాళంలో 'అవసరం' అంటే అవకాశం, తెలుగులో అక్కర. 'మీతో సంసారం చేయాలి' అన్న వాక్యం ఒక యువ గురువు నోట వస్తే వినేవారు ఏమనుకుంటారో వివరించనక్కరలేదు. పూర్తిగా తెలియని భాషలో మనిషి జాగ్రత్తగా ఉంటాడు, తెలిసినట్టున్న భాషలో జారిపడతాడు. అభ్యాసక దశలో కలిగే ఈ నవ్వే బోధకుడికీ శ్రోతకూ మధ్య తొలి సమానత్వం. నవ్వినవారు ఆ క్షణంలో గురువులు, పొరపాటు చేసినవాడు శిష్యుడు.

ఆదిలాబాద్‌లో తెలుగు నేర్చుకున్నా పని పూర్తి కాదు. గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ మాట్లాడే ఊళ్లు ఉన్నాయి. ఇక్కడ పోలిక కోసం మతేతర ఉదాహరణ ఒకటి గమనించాలి. 1940లలో జైనూరు ప్రాంతపు మార్లవాయిలో పనిచేసిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీ ఎలిజబెత్ గోండుల మధ్యనే నివసించారు. గోండి మాధ్యమ చదువుకు, గోండు ఉపాధ్యాయుల శిక్షణకు మార్లవాయి కేంద్రమైంది. 1987లో మరణించిన ఎలిజబెత్ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి సలహాదారు కూడా, కనుక అధికారం లేని అభ్యాసకుడని అనలేము. అయినా నేర్చుకున్న భాషను ఆ భాషీయుల చదువుగా తిరిగి ఇవ్వడం అనే గీటురాయి అక్కడ దొరుకుతుంది. మతసేవకైనా, పరిశోధనకైనా అదే కొలత. బయటినుంచి వచ్చినవాడు నేర్చుకున్న మాట చివరకు ఎవరి చేతికి చేరింది?

8. ఎదురు పాఠం: అంటరాని వసంతం

మిషనరీ రచనను దాని అవతలి వైపు నుంచి చదవడానికి తెలుగులో బలమైన ఆధారం జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం' (2000). కరువు, వలస, బకింగ్‌హాం కాలువ, క్రైస్తవ స్వీకరణ, పేరు మార్పు ఇవన్నీ ఈ నవలలోనూ ఉన్నాయి. క్లౌ స్వీయకథలో కరువు మిషనరీ కార్యదక్షతకు వేదిక. నవలలో అదే కరువు అంటరాని కుటుంబం నడిచిన దారి. శివయ్య సైమన్ కావడం మిషన్ లెక్కలో ఒక అంకె. నవలలో అది ఒక మనిషి తన పాత పేరునూ కొత్త పేరునూ రెంటినీ మోసుకుంటూ బతకడం. పేరు మారినా అంటరానితనం మారని సందర్భాలను నవల దాచలేదు. మిషన్ ఇచ్చిన చదువును, గౌరవాన్ని తోసిపుచ్చనూ లేదు.

ఈ నవల మిషనరీ పత్రాలకు ఖండనం కాదు, పూరణం. పత్రం వదిలేసిన చోట నవల మొదలవుతుంది. తండ్రులు, తాతలు పాడిన పాటలు, ఆడిన ఆటలు, కథలు పరంపరగా చెప్పుకొనే కుటుంబస్మృతి దీని నిర్మాణం. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పరిశోధకులకు ఇది మార్గం చూపుతుంది. నివేదికల్లో 'ఒక ఉపదేశి', 'ఒక బైబిలు స్త్రీ', 'మా బండివాడు' అని పేరు లేకుండా మిగిలిన మనుషులకు, వారి మనవల ఇళ్లలో పేర్లు ఉన్నాయి.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. మిషనరీ రచన ఒకే రూపం కాదు. నివేదిక, ఇంటి ఉత్తరం, స్మృతిగ్రంథం ఒకే జీవితాన్ని మూడు రకాలుగా చెబుతాయి. పాఠకుడెవరో గుర్తించకుండా వాటిని ఆధారంగా తీసుకోరాదు.

2. మిషనరీ అభ్యాసకుడిగా ఉన్నంతకాలం అతని వాక్యంలో తెలుగు మనిషి గురువుగా కనిపిస్తాడు. బోధకుడిగా స్థిరపడగానే అదే మనిషి అంకెగా మారుతాడు. ఈ మలుపును ప్రతి రచనలోనూ గుర్తించాలి.

3. క్రైస్తవ తెలుగు కోస్తాలో రూపొంది తెలంగాణకు వచ్చింది. కరీంనగర్ నోటి భాష ఆరాధనా భాషలోకి ప్రవేశించకపోవడం భాషాచరిత్రలోనూ, సంఘచరిత్రలోనూ పరిశీలించవలసిన అంశం.

4. దొర, అయ్యగారు, ఎల్డర్ వంటి సంబోధనలు అధికార సంబంధాలకు నమ్మదగిన సాక్ష్యాలు.

ఉపకారస్తుతి చేసేవారు మిషనరీ ఇచ్చినదాన్ని లెక్కిస్తారు. అభియోగం మోపేవారు అతడు తీసుకున్నదాన్ని లెక్కిస్తారు. రెండు లెక్కల్లోనూ ఇచ్చేవాడూ తీసుకునేవాడూ అతడే. అతనికి మాట నేర్పినవారు, జ్వరం వస్తే గంజి కాచినవారు, వర్షంలో బండి తోలినవారు, అతని తప్పు ఉచ్చారణకు నవ్వి సరిదిద్దినవారు ఏ లెక్కలోకీ రాలేదు. పాత తరం పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్న ఈ కాలంలో, కరీంనగర్ పల్లెల్లో బాప్తిస్మ రిజిస్టర్లను, సమాధి రాతలను, ఇంటింటి జ్ఞాపకాలను పక్కపక్కన పెట్టి చదివే పని ఆలస్యమైతే, కాగితం మీద దొర పేరు మిగులుతుంది, మాట నేర్పిన మనిషి పేరు మిగలదు. ఆ పేరును వెదకడం తెలుగు పరిశోధన తీర్చవలసిన బాకీ.